ఏటిగట్టు మీద 18 వారాలు: డెల్టాలో ఉంటూ మారథాన్‌కి తయారవడం ఎలా

రాజమహేంద్రవరంలో మాది రన్నింగ్ షూస్ అమ్మే చిన్న షాపు. రోజూ పదింటికి తీస్తాం. ఆదివారం మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకే షట్టర్ సగం లేస్తుంది, మంచినీళ్ల క్యాన్లు బయటికొస్తాయి. ఇరవై మంది దాకా పోగవుతారు. బ్యాంకులో పనిచేసేవాళ్లు, ఇద్దరు టీచర్లు, రొయ్యల చెరువులున్న ఒక రైతు, నర్సింగ్ చదివే అమ్మాయిలు, రిటైరైన ఒక మాస్టారు. వీళ్లలో చాలామంది మొదటిసారి వచ్చినప్పుడు ఫోన్‌లో ఏదో ప్లాను చూపించి "ఇలా చేస్తే సరిపోతుందాండీ?" అని అడిగినవాళ్లే.

ఆ ప్లాన్లలో తప్పుండదు. కాకపోతే అవి చలిదేశాల వాళ్ల కోసం రాసినవి. తెల్లవారకముందే చొక్కా తడిపేసే మన ఉక్క, రోడ్ల మీద వడ్లు ఆరబోసే మన కోతలు, కార్తీక సోమవారాల ఉపవాసాలు, సంక్రాంతి అరిసెలు వాటికి తెలియవు. ఆ లెక్కల్ని మన క్యాలెండరులో కూర్చోబెట్టుకుంటే తప్ప ఇక్కడ మారథాన్ తయారీ సాగదు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇదే, ఇక్కడ రాసేదీ అదే.

మొదట మీ సంగతి చూసుకోండి

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఊళ్లో పెట్టే 5 కిలోమీటర్ల పరుక్కి కూడా మారథాన్ అని బ్యానర్ కట్టేస్తున్నారు కాబట్టి ఇది చెప్పాల్సి వస్తోంది. అరగంటసేపు ఆగకుండా పరిగెత్తలేనివాళ్లు రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడకతో మొదలుపెట్టి, ఎనిమిది వారాల్లో అరగంటకి రండి. ఆ తరవాత 10 కిలోమీటర్లు, ఆ తరవాత 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్. కనీసం ఒక హాఫ్ పూర్తిచేసి, ఆరు నెలలుగా వారానికి 25 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతున్నవాళ్లే ఫుల్ మారథాన్‌కి దిగాలని నా అభిప్రాయం. తొందరపడి దిగినవాళ్లు మోకాలు పట్టుకుని మళ్లీ షాపుకొస్తారు. వాళ్లకి బూట్లు అమ్మడం నాకు బాధగా ఉంటుంది.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ఇంట్లో గుండెజబ్బులున్నవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకోండి. షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడుతుంటే ఎంత దూరం పరిగెత్తబోతున్నారో ఆయనకి కచ్చితంగా చెప్పండి. దూరం పెరిగేకొద్దీ షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు.

రేసు ఎంచుకోవడం

మనకి అందుబాటులో మూడు పెద్ద దారులున్నాయి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో. దానికి తయారవ్వాలంటే లాంగ్ రన్లన్నీ, అంటే వారానికోసారి చేసే పొడుగు పరుగులన్నీ, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా, అంటే ఏడాదిలోకెల్లా గడ్డుకాలంలో చెయ్యాలి. పైగా దారిలో ఫ్లైఓవర్లు వరసగా వస్తాయి. నా మొదటి ఫుల్ అక్కడే. బల్లపరుపు నేల మీద పెరిగిన కాళ్లు నావి. ఎక్కడం కష్టమవుతుందనుకున్నాను గానీ దెబ్బతీసింది దిగడమే. దిగేటప్పుడు తొడ కండరాలు ప్రతి అడుగుకీ బ్రేకులా పనిచేస్తాయి, ఆ అలవాటు నా కాళ్లకి లేదు. ముప్ఫయ్యో కిలోమీటరు తరవాత మిగిలిందంతా నడకే. విశాఖ నేవీ మారథాన్ చలికాలం మొదట్లో జరుగుతుంది. సముద్రగాలి బాగానే ఉంటుంది, అయితే బీచ్ రోడ్డులో రుషికొండ వైపు ఎత్తుపల్లాలున్నాయి.

ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. మొదటి ఫుల్‌కి నేను దీన్నే చెబుతాను. సెప్టెంబరులో మొదలుపెడితే దూరం పెరిగేకొద్దీ వాతావరణం చల్లబడుతుంది. అన్నిటికంటే పొడుగు పరుగు డిసెంబరు మంచులో వస్తుంది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ దానికే వేశాను. రిజిస్ట్రేషన్లు నెలల ముందే మొదలవుతాయి, నియమాలు చదువుకుని పేరిచ్చేయండి.

బూట్లు

సాయంత్రం రండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, పరుగులోనూ అంతే. పొడుగైన వేలికీ బూటు ముందుభాగానికీ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పాత జోళ్లు కూడా తెచ్చుకోండి. అడుగు ఎక్కడ అరిగిందో చూస్తే పాదం ఎలా పడుతోందో చాలావరకు తెలుస్తుంది. అడుగుభాగంలో గట్టి కార్బన్ రేకు (ప్లేటు) ఉన్న ఖరీదైనవి అమ్మితే నాకు లాభమే, అయినా మొదటి మారథాన్‌కి వద్దంటాను. ఐదు గంటల పరుక్కి కావలసింది మెత్తదనం, నిలకడ.

ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. ఈ 18 వారాల్లో మీరు పరిగెత్తేదే దాదాపు 700. అంటే మొదటి వారం కొన్న జత రేసు నాటికి చచ్చుబడిపోతుంది. పదకొండో వారంలో రెండో జత కొని, రెండూ మార్చి మార్చి వాడండి. రేసుకి వెళ్లేసరికి కొత్త జత మీద ఒక వంద కిలోమీటర్లు పడి ఉండాలి. రేసు రోజు కొత్త బూట్లు వేసుకోవడమంటే బొబ్బల్ని పిలిచినట్టే.

తడిసిన బూట్లని ఎండలో పెట్టకండి, జిగురు ఊడుతుంది. లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఫ్యాను కింద ఉంచండి, రెండు గంటలకి కాగితాలు మార్చండి. కాటన్ సాక్సు చెమట పీల్చుకుని పాదాన్ని నానబెడుతుంది, సింథటిక్‌వి తీసుకోండి. తొడలు, చంకలు ఒరుసుకునే చోట పెట్రోలియం జెల్లీ రాయండి. మన ఉక్కలో ఇది తప్పనిసరి.

18 వారాల లెక్క

వారానికి నాలుగు రోజులు పరుగు చాలు. మంగళవారం 6 నుంచి 8 కిలోమీటర్లు తేలిగ్గా. గురువారం 8 నుంచి 10, ఇందులో కొంత ఎత్తు ఎక్కడమో, కొంత గట్టిగా పరిగెత్తడమో ఉండాలి. శుక్రవారం 5 తేలిగ్గా. శనివారం విశ్రాంతి. ఆదివారం లాంగ్ రన్. సోమ, బుధవారాల్లో ఇరవై నిమిషాలు కాళ్లకి బలమిచ్చే పని చెయ్యండి: గుంజీలు, మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి నెమ్మదిగా దించడం, ఒంటికాలి మీద నిలబడడం. గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకి వేరే జిమ్ము అక్కర్లేదు, ఘాట్ మెట్లున్నాయి. నాచు లేని పై మెట్లు చూసుకోండి.

ఆదివారాల దూరాలు ఇలా వెళ్తాయి, అన్నీ కిలోమీటర్లలో:

1 నుంచి 4 వారాలు: 12, 14, 16, 12
5 నుంచి 8: 18, 20, 22, 16
9 నుంచి 12: 24, 26, 28, 20
13 నుంచి 15: 30, 26, 32
16, 17: 22, 14
18: రేసు

నాలుగో వారం, ఎనిమిదో వారం, పన్నెండో వారం దూరం తగ్గడం గమనించండి. ఆ వారాలు మీ బలహీనత కోసం పెట్టినవి కావు. మూడు వారాల శ్రమని ఎముకలు, కండరాలు జీర్ణం చేసుకునేది అప్పుడే. చాలామంది "బాగానే ఉన్నానండీ" అని ఆ వారం కూడా పెంచేస్తారు. పిక్కల ఎముక నొప్పులు మొదలయ్యేది సాధారణంగా అక్కడే.

సెప్టెంబరు మూడో వారంలో మొదలుపెడితే 32 కిలోమీటర్ల పరుగు డిసెంబరు చివర్లో, రేసుకి సరిగ్గా మూడు వారాల ముందు పడుతుంది. అంతకన్నా దగ్గరగా పెట్టుకుంటే కాళ్లు తేరుకోవు. తుపాను వచ్చి ఒక వారం పోతే పోనివ్వండి. అక్టోబరు, నవంబరుల్లో ఒకటి రెండు వారాలు పోవడం మనకి మామూలే. పోయిన కిలోమీటర్లని తరవాతి వారంలో కలపకండి, ప్లాను ఆ రోజుకి ఎక్కడుందో అక్కడినుంచి అందుకోండి.

ఉక్కని చూసి పరుగు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరికుంటే ఇది చదవండి.

శరీరం చల్లబడేది చెమట కారడం వల్ల కాదు, అది ఆరడం వల్ల. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. లోపలి వేడి బయటికి పోదు. చర్మానికి ఎక్కువ రక్తం పంపడానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అందుకే జనవరిలో హాయిగా అనిపించిన వేగమే సెప్టెంబరులో ఊపిరాడనివ్వదు. నా పరుగుల పుస్తకంలో ఈ రెండు నెలలకీ మధ్య, అదే శ్రమకి, కిలోమీటరుకి నలభై సెకన్ల దాకా తేడా కనిపిస్తుంది. ఆ తేడా చూసి నిరుత్సాహపడకండి.

కాబట్టి మొదటి రెండు నెలలు వాచీలో వేగం చూడడం మానేయండి. పక్కన పరిగెత్తేవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతుంటే సరైన వేగంలో ఉన్నట్టు. మాట రెండు ముక్కలవుతుంటే తగ్గించండి. మా గుంపులో లాంగ్ రన్ కబుర్లతోనే సాగుతుంది. ఇంటి గొడవలు, పిల్లల చదువులు, చేపల రేట్లు అన్నీ అక్కడే తేలతాయి. మాట ఆగిపోయిన మనిషిని వెంటనే కనిపెడతాం. "ఏం బాబాయ్ గారూ, మాట్లాడట్లేదు?" అని అడిగితే అది పలకరింపే కాదు, పరీక్ష కూడా.

వేడికి శరీరం అలవాటుపడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఏసీ గదిలో ట్రెడ్‌మిల్ మీద చేసినవాళ్లు బయటికి రాగానే పాత దూరం పట్టుకోకూడదు. తలనొప్పి, చలివేసినట్టు వణుకు, కడుపులో తిప్పడం మొదలైతే ఆగి నీడలోకి రండి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేదాకా ఊరుకోకుండా ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడుపుతూ, విసురుతూ ఉండాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పొయ్యకండి.

నీళ్లు, ఉప్పు, కొబ్బరిబొండం

మీ చెమట లెక్క మీకే తెలియాలి. పరుక్కి ముందు బరువు చూసుకోండి, గంట పరిగెత్తి ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూసుకోండి. 68.4 కిలోలు 67.4 అయిందనుకుందాం, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగారు. అంటే గంటకి 1.3 లీటర్ల చెమట. అదంతా తిరిగి తాగాలని కాదు. బరువులో రెండు శాతం దాకా తగ్గినా ఫరవాలేదు. దాహాన్ని బట్టి గుక్కగుక్కగా తాగండి. పరుగయ్యాక బరువు పెరిగిందంటే మాత్రం ప్రమాదం. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడిపోతుంది, అది ప్రాణాల మీదికి రావచ్చు.

ఇక కొబ్బరినీళ్లు. కోనసీమ పక్కనుండి ఈ మాట చెప్పడం నాకూ కష్టమే గానీ, చెమటతో పోయిన ఉప్పుని బొండం తిరిగివ్వదు. అందులో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియమే. పరుగయ్యాక బొండం తాగండి, ఎంతో హాయి. దాంతోపాటు ఉప్పేసిన మజ్జిగ కూడా తాగండి. పరుగులో ఉన్నంతసేపూ ఓఆర్ఎస్. పొట్లం మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉన్నది అడగండి. 20.5 గ్రాముల పొట్లం ఒక లీటరు నీళ్లకి. చిక్కగా ఉంటే మంచిదని అరలీటరులో కలిపేవాళ్లున్నారు, కడుపు చెడుతుంది.

ఓఆర్ఎస్ ఉప్పు సంగతి చూస్తుంది, ఆకలి సంగతి చూడదు. లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే. గంటన్నర దాటిన పరుక్కి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నిల్వ, చాలామందికి ముప్ఫై కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది, అక్కడే కాళ్లు మొరాయిస్తాయి. ఒక మాదిరి అరటిపండులో 25 గ్రాములు, పరిగెత్తుతూ నోట్లో పిండుకునే ఒక ఎనర్జీ జెల్ పొట్లంలో 20 నుంచి 25. మా వాళ్లలో సగంమంది చక్కెరకేళి, బెల్లంముక్కలతోనే 32 పూర్తిచేస్తారు. మిగతావాళ్లకి జెల్ పడుతుంది. ఏది పడుతుందో లాంగ్ రన్లలోనే తేల్చుకోండి. ఆకలయ్యేదాకా ఆగకుండా ముప్పావుగంట నుంచే మొదలుపెట్టాలి. బయల్దేరే ముందు గంటన్నర వ్యవధి ఉంటే రెండు ఇడ్లీ. పూతరేకులు మాత్రం పరుగయ్యాకే, నెయ్యి దారిలో అరగదు.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు, కిడ్నీల మీద పడతాయి.

దారులు

ధవళేశ్వరం బ్యారేజీ మా ఇష్టమైన దారి. నాలుగు భాగాల్లో 175 గేట్లు, ఒక పక్క నిండుగా నీళ్లు, మరో పక్క ఇసుక తిన్నెలు. సూర్యుడు లేవకముందు విజ్జేశ్వరం దాకా వెళ్లి తిరిగొస్తాం. బండ్లు పెరిగేలోపు ముగించాలి. నీడ కావాలంటే కడియం నర్సరీల వైపు కాలవ గట్టు. మేం లాంగ్ రన్ రోజు ఒకరిని స్కూటర్ మీద నీళ్లు, అరటిపళ్లతో లాకుల దగ్గరికి ముందే పంపిస్తాం. ఎవరూ బరువు మోసుకుంటూ పరిగెత్తక్కర్లేదు, వెనకబడినవాళ్లని ఆ మనిషి లెక్కపెడుతుంటాడు. ఇలా వారానికొకరు పరుగు మానుకుని నిలబడితేనే గుంపు నిలుస్తుంది. మీ ఊళ్లో గుంపు లేకపోతే నలుగురితో మొదలుపెట్టండి. భీమవరమైనా, అమలాపురమైనా, కాకినాడ అయినా చోటు, సమయం మారకుండా ఉంటే మనుషులు వాళ్లే వస్తారు. ఆడవాళ్లు చీకట్లో ధైర్యంగా రావడానికి కూడా గుంపే దారి. వాళ్లు వచ్చేదాకా బయల్దేరం, చివరి మనిషి వచ్చేదాకా షట్టర్ వెయ్యం.

ఎత్తు కోసం మనకి కొండల్లేవు, రైల్వే ఓవర్‌బ్రిడ్జిలున్నాయి. గురువారం ఒకదాన్ని ఎంచుకుని ఆరుసార్లు ఎక్కి దిగండి, వారాలు గడిచేకొద్దీ పది దాకా పెంచండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, తొందరగా వెయ్యండి. హైవే వంతెనల జోలికి వెళ్లకండి.

ఇంకొన్ని జాగ్రత్తలు. వాహనాలకి ఎదురుగా, అంటే రోడ్డుకి కుడిపక్క పరిగెత్తాలి. అయితే మన రోడ్లు అంచులకి వాలి ఉంటాయి, ఎప్పుడూ ఒకే పక్కన పరిగెత్తితే ఒక తుంటి నొప్పి పట్టుకుంటుంది. బండ్లు లేని గట్టు మీద నడిమధ్యకి రండి. నవంబరు, డిసెంబరుల్లో సార్వా వడ్లు రోడ్డు మీద ఆరబోస్తారు. వాటిని తొక్కకండి, అది వాళ్ల ఏడాది కష్టం. వడ్ల కింద పరిచిన పట్టాల అంచుకి పెట్టిన రాళ్లు చీకట్లో కనపడవు కాబట్టి తలకి లైటు, ఒంటి మీద మెరిసే జాకెట్ ఉండాలి. మంచు రోజుల్లో లారీవాడికి మీరు కనపడేది దానివల్లే. వానలయ్యాక గట్టు గడ్డిలో పాములుంటాయి, బాట విడవకండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే ఏటిగట్టు, లంకదారులు మానేసి ఊళ్లోకి మారిపోవాలి.

కార్తీకం, మాల, సంక్రాంతి

కార్తీకమాసం ఏడాదిని బట్టి కాస్త ముందువెనకలుగా, ప్లాను నడిమి వారాల్లో వస్తుంది. ఆదివారం 24 కిలోమీటర్లు పరిగెత్తి సోమవారం నక్షత్రాలు కనపడేదాకా ఉపవాసముంటే కండరాలు కోలుకోవు. ఉపవాసం ఉండేవాళ్లు ఆ నెల లాంగ్ రన్‌ని శనివారానికి మార్చుకుని, శుక్రవారం పరుగు బుధవారానికి జరపండి. ఆదివారం కడుపునిండా తినండి. ఘాట్ రోడ్లు తెల్లవారుజాము స్నానాల జనంతో నిండిపోతాయి, ఆ నెల అటు వెళ్లకండి.

అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు ఏటా అడుగుతారు. 41 రోజులు చెప్పుల్లేకుండా ఉండాలి, భిక్ష ఒక్కపూటే. ఎప్పుడూ బూట్లతో పరిగెత్తిన పాదాలు తారురోడ్డు మీద వట్టికాళ్లతో 20 కిలోమీటర్లు తట్టుకోవు. దీక్ష చేసే ఏడాది ఆ రోజుల్లో నడక చాలు. మారథాన్‌ని తరవాతి ఏడాదికి పెట్టుకోండి. రెండూ సగం సగం చెయ్యడం కంటే అది నయం.

సంక్రాంతి సరిగ్గా రేసు ముందు పడుతుంది. ఆ వారం పరుగు బాగా తక్కువ, ఇంట్లో పిండివంటలు బాగా ఎక్కువ. పిండిపదార్థం కావలసిన వారమే కాబట్టి అన్నం, పొంగలి నిండుగా తినండి. నూనెలో వేగినవి రుచి చూసి ఆపండి. కనుమ నాటి మాంసం చివరి రెండు రోజుల్లోకి వస్తే వద్దు. కోడిపందేల బరుల దగ్గర గంటలకొద్దీ నిలబడడం కూడా కాళ్లకి పనే. ఇక ముంబైకి రైలు టికెట్. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజు పొద్దున్నే తీసేయండి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ లాంటి బండిలో పగలూ రాత్రీ ప్రయాణం, కాబట్టి శుక్రవారానికల్లా దిగేలా చూసుకోండి. బిబ్, అంటే చొక్కాకి తగిలించుకునే రేసు నంబరు, ముందే తీసుకోవాలి, కాళ్లు కూడా కుదుటపడాలి. రైల్లో రెండు గంటలకోసారి లేచి నడవండి.

రేసు రోజు

ఐదు గంటల్లో పూర్తిచెయ్యాలంటే కిలోమీటరుకి 7 నిమిషాల 6 సెకన్లు, సగం దూరం రెండున్నర గంటలకి. మొదటి పది కిలోమీటర్లు జనం ఊపులో కిలోమీటరుకి ఆరున్నర నిమిషాల వేగంతో వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి. మీరు కిలోమీటరుకి 7 నిమిషాల 15 సెకన్లతో మొదలుపెట్టి పదో కిలోమీటరు తరవాత లెక్కలోకి రండి. పోయేది నిమిషంన్నరే, అది మిగతా 32 కిలోమీటర్లలో సర్దుకుంటుంది. ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఇరవై అడుగులు నడుస్తూ తాగండి. ముంబైలో పెడ్డర్ రోడ్డు ఎక్కుడు కాళ్లు అలిసిపోయాక చివర్లో వస్తుంది. దాన్ని మీ ఊరి ఓవర్‌బ్రిడ్జి అనుకుని చిన్న అడుగులతో ఎక్కండి, నడిచినా తప్పులేదు. ఎముకలో గుచ్చినట్టు నొప్పి ఒకేచోట పెరుగుతుంటే మాత్రం ఆగిపోండి. మళ్లీ ఏడాది రేసుంటుంది.

పూర్తిచేశాక వెంటనే కూలబడకుండా పదినిమిషాలు నడవండి. గంటలోపు అన్నమో, ఇడ్లీయో, గుడ్డో కడుపులో పడాలి. వారం రోజులు పరుగు వద్దు, రెండో వారం నుంచి తేలిగ్గా అరగంట. ఆ తరవాతి ఆదివారం పరిగెత్తకపోయినా నాలుగున్నరకి షాపుకి రండి. నీళ్లు పట్టుకుని లాకుల దగ్గర నిలబడడానికి మనిషి కావాలి.